నాయన నిలబడిన చోటు

మొన్న వానలకు రాజోలికి పోతుంటే, మానవపాడు దాటాక వాగులో నీళ్ళు రోడ్డు మీదుగా పారుతున్నాయి. ఆ నీళ్ళ నడుమ ఎవరో ఇద్దరు మోకాలి లోతున నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటున్నారు. మా అల్లుడు కారు ఆపినట్టే ఆపి, "వాళ్ళు నిలబడ్డరు గద అత్తమ్మా, రోడ్డు ఉన్నట్టే, పోదం" అన్నాడు. బండి తిప్పమని నేను అరిచిన అరుపుకు వెనక సీట్లో మనవరాలు ఉలిక్కిపడి ఏడ్చింది. అల్లుడికి కోపం వచ్చింది. రానీ.

మా నాయన రోడ్ల ఇంజనీరు. మా కాపురం వనపర్తిలో. ఆ రోజుల్లో వాగులకు వంతెనలెక్కడివి, నేలబారుగా వేసిన రోడ్లే ఎక్కువ, వాన పడితే వాటి మీదుగానే నీళ్ళు పారేవి, మన ఈడు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆయనంత మెత్తని మనిషి లేడు, అమ్మకు ఉల్లిగడ్డలు తరిగిచ్చి, నాకూ చెల్లెలికీ జడలు కూడా అల్లేవాడు. వాగు దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస జీపుకు కట్టించి, కర్రతో కింద పొడుచుకుంటూ ముందు తానే నడిచేవాడు. ఒడ్డున పాతిన రాయి నీళ్ళ లోతు చెబుతుంది గానీ, కింద రోడ్డు మిగిలిందో లేదో చెప్పదనేవాడు. ఏ పెళ్ళికో పోతుంటే, మనం పోయేసరికి విస్తళ్ళు ఎత్తేస్తారని అమ్మ విసుక్కునేది.

ఒక ఏడు రాజోలిలో చిన్నమ్మ పెళ్ళి. అమ్మ కొత్త గద్వాల చీర కట్టుకుని, చెల్లెలిని ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చుంది. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది, ఎగువన ఎక్కడో పడిన వాన ఎర్రగా దారిలోని వాగులోకి దిగింది. లోతు పెద్దగా లేదు గానీ, ఆ చప్పుడే నాకు భయం పుట్టించింది, అడుగున ఎవరో బండరాళ్ళు దొర్లిస్తున్నట్టు. తాడు పట్టుకుని, మేము చిచ్చా అని పిలిచే డ్రైవర్ ఒడ్డున నిలబడితే, నాయన నీళ్ళలోకి దిగాడు. సగం దాటాక కర్ర గుచ్చితే అడుగు అందకుండా దిగబడింది. పక్కన గుచ్చినా అంతే. కింద రోడ్డు కొట్టుకుపోయింది.

ఆయన వెనక్కి తిరగబోతుండగా అవతలి ఒడ్డున ట్రాక్టరొకటి వచ్చింది, ట్రాలీ నిండా కలుపు కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ చంటిపిల్లలు. వచ్చింది వచ్చినట్టే నీళ్ళలోకి దిగింది. నాయన చేతులు ఊపాడు, గొంతు చించుకున్నాడు, ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? ఆయన చెయ్యి ఊపేకొద్దీ అది ముందుకే వచ్చింది.

అప్పుడు నాయన ఒక్కసారి మా జీపు వైపు చూశాడు. చూసి, అటు తిరిగి, రోడ్డు లేని చోట అడుగు వేశాడు. మనిషి మాయమయ్యాడు.

ట్రాక్టరు ఆగింది. అమ్మ చెల్లెలిని నా ఒళ్ళో పడేసి, చీర బురదలో ఈడ్చుకుంటూ ఉరికి, చిచ్చాతోపాటు తాడు లాగింది. నాయన కాలు విరిగి, నోటి నిండా మట్టితో ఒడ్డుకు వచ్చాడు. అమ్మ అరచేతుల్లో తోలు లేదు.

పెళ్ళి మేము చూడనే లేదు. ట్రాక్టరు నడిపినాయన దవాఖానకు వచ్చి, మంచం పక్కన కూలబడి, "ఇంజనీరు సారే నిలబడ్డడు, ఇగ మనకేంది భయం అనుకున్న సారూ" అని ఏడ్చాడు.

"అందుకే పడ్డ" అన్నాడు నాయన.

అమ్మ ఆయనను కడదాకా క్షమించలేదు. ట్రాలీలోవాళ్ళు బతికినందుకు సంతోషమేనంటూనే, ఆయన కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చినప్పుడల్లా "మమ్ముల చూసిండు గద, చూసి గూడ ఎట్ల దూకె?" అనేది. ఆయన ఆమె చెయ్యి తీసుకుని తాడు ఒరుసుకున్న మచ్చను నిమిరేవాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. చాలా వాగుల మీద ఎత్తైన వంతెనలు వచ్చాయి, కార్లు కిందికి చూడకుండానే పోతున్నాయి. మిగిలిన ఒకటి రెండు చోట్ల అడ్డం పెట్టిన డ్రమ్ములు పక్కకు జరిపి మరీ దిగుతున్నారు. మొన్న మేము కారు తిప్పుకుంటుంటే, మా వెనకాల ఆగిన ఆటో, నీళ్ళలో నిలబడ్డ ఆ ఇద్దరినీ చూసి దిగింది. నేను అద్దం దించి అరుస్తూనే ఉన్నాను. ఆటో క్షేమంగా దాటింది, లోపలివాళ్ళు నవ్వుతూ నాకు చెయ్యి ఊపారు.

"ఏం గాలే గద అత్తమ్మా" అన్నాడు అల్లుడు.

ఏం కాలేదు. మొన్న కింద రోడ్డు ఉంది. వచ్చే వానకు ఉంటుందో లేదో, నడుముకు తాడు కట్టుకుని ముందు నడిచి చూసే మనిషే లేడు.