మూడు కళ్ళ ముచ్చె

అనకాపల్లి బస్టాండు ఎదుట చెరకు రసం బండి గానుగ తిరిగినప్పుడల్లా ఆ పచ్చి వాసనకు నా కాలు ఒకచోట నిలవదు. ఎక్కాల్సిన బస్సు ఎదురుగా ఉన్నా అటూ ఇటూ తిరుగుతూ, రావికమతం దగ్గరి మా ఊరికి, ఆరో తరగతి నాటి పెరట్లోకి వెళ్ళిపోతాను.

మాఘమాసపు ఎండలో అమ్మ మొద్దు ముందు కూర్చుని విత్తనపు చెరకు నరికేది. ఆకు దూసిన గెడలు ఒక పక్క, మూడేసి మొలక కళ్ళున్న ముక్కలుగా తెగిన ముచ్చెలు ఇంకో పక్క, వాటి చుట్టూ ఈగలు, చేతులకు తీపి జిగురు. నేనేమో పుస్తకం పట్టుకుని గోడవెంట తిరిగేదాన్ని. సోమవారం ఇంగ్లిషు పాఠం ఒక్క మాటా మింగకుండా చదవకపోతే ఐదో తరగతిలో, మా తమ్ముడి పక్కన కూర్చోబెడతానన్నారు మాస్టారు. అంతా ఎలాగో గట్టెక్కినా, చివర్లో ‘అన్‌కంఫర్టబుల్’ దగ్గర నాలుక మడతపడేది. అన్నం సయించలేదు.

“ఏటే, కాలుగాలిన పిల్లిలాగ తిరగతన్నావు?” అంది అమ్మ. చెప్పాను.

“పొడుగైతే నరుక్కో. కన్ను మీద మాత్రం కత్తి పడనీకు, మొలవదు.”

ముచ్చెకు మూడు కళ్ళు కదా అని, కంగారులో మూడేసి అక్షరాలకు పెన్సిలు గీత పెట్టేశాను. ఒక్క ముక్కా నోరు తిరగలేదు. ఏడుపొచ్చింది. అక్షరం ముక్క రాని అమ్మ కత్తి పక్కన పెట్టింది.

“అందులో నీకు అర్తం తెలిసిన ముక్కేటి?”

“మధ్యలో కంఫర్ట్. సుఖం అని.”

“ముందుదానికో?”

“అన్ అంటే లేదని.”

“ఇంకేటి, అక్కడే నరుకు.”

అన్, కంఫర్ట్, ఏబుల్. మూడు ముచ్చెలు వరసగా పెట్టి, ఒక్కోదాని మీద నా వేలు ఆనించి, ఎండ దిగేదాకా పలికించింది, తనూ పలుకుతూ.

సోమవారం ఆ మాటను ముక్కముక్కకీ ఆగి చదివాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు మాత్రం “నీ చోట్లో కూర్చో” అన్నారు.

నిరుడు ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అలవాటుగా “హౌ ఆర్ యూ” అంటే, అమ్మ దుప్పటి మీద మూడు చోట్ల వేలు ఆనిస్తూ “అన్... కంఫర్ట్... ఏబుల్” అంది. డాక్టరు తెల్లబోయి నావైపు చూశాడు. నేను వరండాలోకి పరిగెత్తి వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మా ఊళ్ళో పెరట్లో విత్తనం నరికేవాళ్ళు కనిపించరు, నర్సరీ ట్రేల్లో ఒంటి కన్ను మొక్కలు వస్తున్నాయి. మా అమ్మాయికి నోరు తిరగని మాటను ఫోనే చదివి పెడుతుంది. అమ్మా లేదు. ఆ ఒక్క మాట ఎదురైతే మాత్రం నేనింకా మూడు చోట్ల ఆగే చదువుతాను, ఎవరు నవ్వినా సరే.