చెమ్కీల లక్ష్మి పటం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక లక్ష్మి పటం ఉండేది. మాది ఐరాల దగ్గర ఒక పల్లె. తామరపువ్వు మీద నిలబడిన లక్ష్మి, వెనక కొలను, పక్కన తొండంతో పూలదండ పట్టుకున్న ఏనుగు. అది చేత్తో గీసింది కాదు, రాతిపలక మీది బొమ్మను కాగితం మీద ఒత్తి తీసిన పాతకాలపు రాతి అచ్చు. పైన పూసిన మెరుపు వల్ల నూనెరంగులతో వేసినట్టే కనిపించేది. మా అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ లక్ష్మి చీర మీద తుమ్మబంకతో జరీగుడ్డ అతికించి, అంచు పొడుగునా చెమ్కీలు, గాజుపూసలు అంటించింది. అప్పట్లో మా పక్క చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఇలాగే చేసేవాళ్ళు. పటం కొని గోడకు తగిలిస్తే వాళ్ళకు తృప్తి ఉండేది కాదు. ఇంటికి వచ్చిన లక్ష్మికి చీర పెట్టాలి, నగ పెట్టాలి.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు మా చెనక్కాయ పంట, అదే వేరుశనగ, ఎండిపోయింది. అదే ఏడు మా అక్కకు తిరుపతిలో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. సోమవారానికల్లా ఫీజు కట్టి చేరాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. మా కులంలో అంతవరకు పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. అక్క ఏడవలేదు, అడగలేదు. అన్నం కలుపుకుని, కలిపిన అన్నం వైపే చూస్తూ కూర్చునేది. నాయన అడగగలిగిన గడపలన్నీ ఎక్కి దిగాడు. చివరికి ఒక శుక్రవారం పొద్దున, ఊళ్ళ వెంట తిరిగి పాత పటాలు, ఇత్తడి సామాన్లు కొనుక్కుపోయే మనిషిని ఇంటికి పిలుచుకొచ్చాడు.

ఆయన పటాన్ని దించి, వెలుతురులోకి తిప్పి, చాలాసేపు చూశాడు. ధర ఊసెత్తలేదు. అద్దం మీద మూలకు పాకిన సన్నటి పగులును మాత్రం వేలితో తడిమి, తల అడ్డంగా ఆడించాడు.

"పగిలిన లక్ష్మిని ఇంట్లో పెట్టుకోని, పంట రాలేదంటే యాడొస్తాదవ్వా?"

ఆ ఒక్క మాటతో ఇంట్లో గాలి మారిపోయింది. అమ్మ ముఖం పాలిపోయింది. నేను నాలుగడుగులు వెనక్కి జరిగాను. ఆ అద్దం పగిలి అప్పటికి రెండేళ్ళు. పగిలిన ఏడాదే మాకు పంట విరగపండింది. ఇంత చిన్న లెక్క మా ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. భయం చేసే మొదటి పని అదే, మనకు తెలిసినదాన్నే మనకు కనిపించకుండా చేస్తుంది.

తర్వాత ఆయన చెమ్కీల మీద పడ్డాడు. గుడ్డపేలికలు అంటించి బొమ్మను పాడు చేశారన్నాడు. కాగితానికి ఏమీ రాదు, టేకు చట్రం కోసం తీసుకుంటాను అన్నాడు. ఈ తళుకులు లేకుండా ఉంటే రెండింతలు ఇచ్చేవాణ్ణన్నాడు. ఆయన చెప్పిన సొమ్ము ఫీజులో సగానికి కూడా రాదు. అయినా నాయన తల ఊపాడు. ఆయన సంచి విప్పుతుంటే అవ్వ అడ్డం వచ్చింది.

"ఈ పొద్దు శుక్రవారమప్పా. లక్ష్మిని గడప దాటించను."

"పగిలినదానికి శుక్రవారమేంది, శనివారమేందవ్వా?"

"నీకు లేకపోతే లేదులే. నాకుండాది."

ఆయన విసుక్కుని, రేపు మధ్యాహ్నం వస్తానని వెళ్ళిపోయాడు. జీవితమంతా ముహూర్తాలకు, శకునాలకు వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకున్నదాన్ని నేను. ఆ రోజు మా పటాన్ని ఆయన చేతికి పోకుండా కాపాడింది అవ్వ శుక్రవారమేనని ఒప్పుకోవడానికి నాకు కాస్త ఇబ్బందే. కానీ జరిగింది అదే.

శనివారం పొద్దున లేచేసరికి అవ్వ పటాన్ని చట్రంలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన చెంబులో నీళ్ళు, తడిగుడ్డ, సూది. తళుకులు లేకుంటే రెండింతలు అన్నాడు కదా, మనవరాలి చదువు కోసం ఆమె తన చేత్తో అంటించినవాటిని తన చేత్తోనే పీకుతోంది. "పాపా, నీ కండ్లు బాగా కనపడతాయి, నువ్వు పీకు" అంది. నేను కూర్చున్నాను. నీళ్ళు తగిలిన బంక మెత్తబడి, చెమ్కీలు ఒక్కొక్కటిగా నా గోటికి ఊడి వచ్చాయి. చీర అంచు కింద జానెడు మేర పీకేశాను. చెమ్కీ ఊడిన చోటల్లా కాగితం రంగు కూడా కొద్దిగా లేచిపోయింది. నాకది తప్పనిపించలేదు. దరిద్రాన్ని గోటితో గీకి పారేస్తున్నట్టే అనిపించింది.

అప్పుడే మా అత్త వచ్చింది. నాయన చెల్లెలు, పూతలపట్టులో పంతులమ్మ. శనివారం సెలవుంటే మొదటి బస్సుకు మమ్మల్ని చూడడానికి వచ్చేది. సంగతంతా నిలబడే విన్నది. తిట్టలేదు, కేకలు వేయలేదు. నా చేతిలోంచి గుడ్డ తీసుకుని పక్కన పెట్టింది. పాడైపోయిన కాగితం కోసం మనిషి రెండోసారి ఎండలో ఎందుకు వస్తాడని మాత్రం అడిగింది.

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి పటం చాప మీద పరిచి ఉంది. అత్త దాని ముందు కూర్చుని, తడిగుడ్డ పిండుతోంది.

"రాన్నా, కూచో. నువ్వు చెప్పినట్టే పీకేస్తా ఉండాము. ఇంక భుజం, పైట మిగిలినాయి. రెండు నిమిషాలు" అంటూ లక్ష్మి భుజం మీది జరీ అంచు కింద గోరు పెట్టింది.

నిజంగా పీకేస్తుందనే అనుకున్నాను. జరీ అంచు కాస్త పైకి లేచింది.

"వద్దు! చెయ్యి తియ్యి తల్లీ! ముట్టుకోవద్దు!"

ఆయన కూర్చోబోయినవాడల్లా ముందుకు దూకాడు. అత్త చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పేలికలంటివి కదన్నా నిన్న?"

ఆయన ముఖం ఎర్రబడింది. చెమట తుడుచుకుని, సరే, ఉన్నది ఉన్నట్టే తీసుకుంటాను, నిన్న చెప్పినదానికి రెండింతలు అన్నాడు. కాసేపటికి మూడింతలు అన్నాడు. అది ఫీజుకు చాలుతుంది. నాయన లేచి నిలబడ్డాడు. అత్త వద్దంది. నాయనకు అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు.

"నీకేం మే, నెల తిరిగితే జీతమొస్తాది. ఎల్లుండికి సీటు పోతే నా బిడ్డకు నువ్వు చెప్తావా?"

"రేపు సాయంత్రానికి ఫీజు దుడ్డు తేకపోతే నా గాజులమ్మి కడతా. నిన్న అబద్ధం చెప్పినోడు ఈ పొద్దు చెప్పిన ధర నిజమని ఎట్ట నమ్మేదన్నా?"

గుమ్మం దాటితే మళ్ళీ రానని ఆయన బెదిరించాడు. అందరూ అవ్వ వైపు చూశారు, పటం ఆమెది. అవ్వ పటం మీద పాత చీర కప్పింది. ఆయన వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాయన అన్నం తినకుండానే వాకిట్లో పడుకున్నాడు. అక్క పడుకోలేదు.

ఆదివారం అత్త నన్ను వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కింది. పటం దుప్పటిలో చుట్టి నా ఒళ్ళో ఉంది. పాత బొమ్మలు అమ్మే అంగళ్ళు మూడు తిరిగాం. ఏ అంగడిలోనూ ఆమె మూట విప్పలేదు, ఏమిస్తారని అడగలేదు. ఇలాంటి పాత అచ్చు లక్ష్మి పటం, చెమ్కీ పని చేసింది, కొనాలంటే ఎంతవుతుందని అడిగింది. అమ్మేవాడికి వస్తువు లోపాలు చెప్పే మనిషే, కొనేవాడికి దాని గొప్పలు చెబుతాడు. మొదటి ఇద్దరూ లేదన్నారు, ఉంటే ఎంతవుతుందో మాత్రం చెప్పారు. ఆ ధరలు వింటుంటే నా చేతులు దుప్పటి మీద బిగుసుకుపోయాయి. మూడో అంగడి ముసలాయన వాళ్ళకంటే పెద్ద ధరే చెప్పి నిట్టూర్చాడు.

"బొమ్మ దొరకతాదమ్మా, ఒక్క రాతి మీద అట్టాంటియి ఎన్నో తీస్తారు. చెమ్కీ పనిది ఒకటున్నట్టు ఇంకొకటుండదు. ఏ ఇంటిది ఆ ఇంటిదే. యాడుండాది?"

"ఈడుండాది" అని అత్త మూట విప్పింది.

ముసలాయన నోరు తెరిచి, తర్వాత పడీపడీ నవ్వాడు. "కొనేదానికి వచ్చినావనుకుంటి గదమ్మా! నా నోటితోనే ధర చెప్పిస్తివే!"

అత్త నవ్వలేదు. ఆయన అడగకముందే అంచు కింద పీకిన చోటు వేలుపెట్టి చూపించింది. ఆయన వంగి చూసి, నాలుక చప్పరించాడు. ఎవరు చేశారిది అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆ చెడిన చోటుకూ, తన లాభానికీ పోను ముసలాయన ఇచ్చిన సొమ్ము, మా ఇంటికి వచ్చిన మనిషి చివరగా చెప్పిన ధర కంటే చాలా ఎక్కువ. సోమవారం పొద్దున అక్క కాలేజీలో చేరింది.

తర్వాత నేను హేతువాదం చదువుకున్నాను, వేదికలెక్కాను, చాలామందితో తగువు పడ్డాను. ఏదైనా అరిష్టమని ఎవరన్నా చెబితే, దాన్ని మనం వదిలేస్తే ఎవరి చేతికి పోతుందని అడగడం ఆ శనివారం నేర్చుకున్నాను. కానీ ఆ రోజు నుంచి నాతో ఎక్కువగా ఉన్నది అది కాదు. ఊళ్ళల్లో సభలు పెట్టినప్పుడు, తాయెత్తు కట్టుకున్న ముసలమ్మను చూసి మా సంఘం కుర్రవాళ్ళు నవ్వుతారు. అప్పుడు నా కుడిచేతి బొటనవేలి గోటి కింద ఊడి వచ్చిన చెమ్కీ గరుకు తగులుతుంది. తొమ్మిదేళ్ళ వయసులో, ఒక మనిషి చెప్పిన ఒక్క మాటకు, మా అవ్వ అంటించిన చెమ్కీలను పీకినదాన్ని నేనే. ఆమెను వదిలేయండి, ఆ తాయెత్తు కట్టినవాడి ఇల్లు ఎక్కడో కనుక్కోండి అని వాళ్ళకు చెబుతాను.