ఏడంగుళాల డాలరు

2023 ఫిబ్రవరి 11, శనివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఉష్ణోగ్రత పద్దెనిమిది డిగ్రీలు. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ మీద పొగమంచు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని అప్పుడే వచ్చిన నా భార్య మాత్రం ఆకాశం నిర్మలంగా ఉందని పట్టుబట్టింది. ఈ విషయంలో మా ఇంట చాలాకాలం ఏకాభిప్రాయం కుదరలేదు. సరిగ్గా ఆ నిమిషంలోనే, నా మొదటి వెండి డాలరు అద్దం ఏడు అంగుళాల నుంచి ఐదుకు పడిపోయిందని కనుగొన్నాను.

వివరించవలసి ఉంది. ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం నుంచి విరమించాక, పాత అమెరికా వెండి డాలర్లను సేకరించడం పనిగా పెట్టుకున్నాను. అన్నిటినీ కాదు, ప్రూఫ్‌లైక్ అనే రకాన్నే. నాణేన్ని ముద్రించే ఉక్కు అచ్చును డై అంటారు. దాని చదునుకు మెరుగు పెడితే, అది కొట్టిన తొలి నాణేల చదును అద్దంలా వస్తుంది. డైలో బొమ్మ గుంటగా ఉంటుంది కనుక అక్కడికి మెరుగు అందదు. అందుకే నాణెం మీది ముఖం మంచు పట్టినట్టు తెల్లగా మిగులుతుంది. కొట్టే కొద్దీ డై మెరుగు అరిగిపోయి, తరువాతి నాణేలు మామూలుగా వస్తాయి.

అద్దం లోతును కొలవడం సులువు. స్కేలును బల్లమీద పరిచి, సున్నా దగ్గర నాణేన్ని నిలబెట్టి, అందులో ఎన్నో అంగుళం దాకా అంకెలు చదవగలమో చూడాలి. నా దగ్గర ఉన్నవి పన్నెండు. నైఫ్ బజారులో కొన్న మొదటిదే అన్నిటికన్నా లోతైనది.

మార్చిలో అది నాలుగు చూపింది. మిగిలినవీ తగ్గాయి, పైగా పసుపు తిరిగాయి. దీపం మార్చాను. ప్లాస్టిక్ స్కేలు తీసేసి స్టీలు స్కేలు కొన్నాను. తేమ పీల్చే పొట్లాలు డబ్బాలో పేర్చాను. మే నెలకు మూడు. నూట నలభై ఏళ్లు నిలిచిన అద్దం నా అల్మారాలో మూడు నెలల్లో ఎందుకు అరగాలన్న ప్రశ్నకు, దుబాయ్ ఎండ అని జవాబు రాసుకున్నాను.

"నాణేలకేం కాలేదండీ. మీ కళ్లు చూపించుకోండి," అంది నా భార్య.

"నీకెంత దాకా కనబడుతోంది?"

"ఏడు."

మా ఇద్దరి సగటు తీసి, ఐదు అని రాశాను.

"సగటేంటండీ! నా చూపులో సగం మీకెవరిచ్చారు? నా వీసా మీద ఉంటున్నారు, మీ కఫీల్‌ని నేను. చెప్తున్నాను, డాక్టరు దగ్గరికి పదండి."

ఆమె మాట నిజమైతే నా కొలతలన్నీ అబద్ధం. వెండి పాడైందని నమ్మడమే నాకు సులువనిపించింది. ఈ వేగాన సెప్టెంబరు చివరికి అద్దం సున్నా అవుతుందని లెక్క తేలింది. అంతకు ముందే పన్నెండింటినీ వెండి ధరకు వదిలించుకోవాలని నైఫ్ బయలుదేరాను. ఆమె వెంట వచ్చింది.

వెండి దుకాణంలో ఉన్నాయన జగిత్యాల మనిషి. నాణేలన్నీ ఒక్కసారే తూకంలో పోశాడు. ఒక్కొక్కటి 26.73 గ్రాములు, పన్నెండుకు 320.76. ఇది ఇంటి దగ్గరే గుణించుకున్నాను. ఎర్రటి అంకెలు వెలిగాయి.

"మీ తూకం తప్పు," అన్నాను. "మూడు వందల ఎనభై చూపిస్తోంది. అరవై గ్రాములు ఎక్కువ."

"ఎక్కువనా? ఏండ్ల సంది ఈ దుకాన్ల కూసుంటున్న సాబ్. తక్కువ సూపిస్తున్నదని కొట్లాడినోల్లనే సూసిన."

"ఎక్కువకు నేను డబ్బు తీసుకోను. తగ్గించండి."

"ఏం తగ్గియ్యాలె? మూడొందల ఇరవయ్యే ఉన్నది. అండ్ల ఎన్మిది ఏడున్నది? అమ్మా, జర నువ్వు సూడు."

ఆమె తొంగి చూసింది. "మూడొందల ఇరవై పాయింట్ ఏడు." నాణేలను ఒక్కొక్కటే డబ్బాలోకి ఎత్తేసింది. "ఖలాస్. అమ్మకం లేదు. పదండి."

"పోయేటప్పుడు సార్ కండ్లు గూడ ఓపారి తూకమేపియ్యమ్మా," అని వెనక నుంచి వినబడింది.

భార్యను కాదనవచ్చు, దుకాణదారుడిని కాదనవచ్చు. కానీ ఆ యంత్రం చూపింది నేను గుణించిన సంఖ్యనే. నా గుణకారమే నా మీద సాక్ష్యం చెప్పింది.

జూన్‌లో కుడికంటి శుక్లం తీశారు, జూలైలో ఎడమకంటిది. ఇంటికి వచ్చి చూస్తే కర్టెన్లు పసుపు కావు, తెలుపు. నాణేలు మళ్లీ పాత కొలతలకు వచ్చాయి. మొదటిది ఏడు అంగుళాలూ చూపింది.

అయితే దాని మీద సన్నని గీతలు కనబడ్డాయి, కొన్ననాడు కనబడనివి. డైకి మెరుగు పెట్టినప్పుడు పడే గీత డై మీద గాడి. నాణెం మీద అది గట్టులా లేచి, బొమ్మ అంచు దగ్గర ఆగిపోవాలి. ఇవి గాడులే. ముఖం చెంప మీదుగా అడ్డంగా సాగిపోయాయి, అక్కడి తెల్లదనం కూడా పలచబడింది. అంటే మెరుగు పెట్టింది డైకి కాదు. ఎవరో ఏ గుడ్డతోనో నాణేన్నే రుద్దారు. ఆ ఏడు అంగుళాలు టంకశాలవి కావు.

"అయితే ఆపరేషన్ వల్ల నష్టమొచ్చిందంటారా?" అంది ఆమె నవ్వు ఆపుకుంటూ.

"ఒక నాణెం."

"మరి ఆ రోజు పొగమంచు?"

"నోటుబుక్కులో కొట్టేశాను."

చివరి లెక్క: నాణేలు పన్నెండు. ప్రూఫ్‌లైక్ పదకొండు.