బొండాలతో కోర్టులోకి వచ్చిన నాన్న

కవిటి నుంచి వెళ్లి నేను ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడడం మొదలుపెట్టిన కొత్తలో, విశాఖలో నా మ్యాచ్ చూడ్డానికి నాన్న మొదటిసారి వచ్చాడు. ఆఖరి సెట్ మధ్యలో నేనూ, నాతో ఆడుతున్న అమ్మాయీ విరామానికి కుర్చీల్లో కూర్చోగానే, మా తోటలో కోసిన రెండు బొండాలు, కత్తి పట్టుకుని నేరుగా కోర్టులోకి వచ్చేశాడు. కత్తి చూసి అంపైర్ హడలిపోయాడు. నేను సిగ్గుతో తువ్వాలులో మొహం దాచుకున్నాను.

“ఎండలో పడి ఆడతన్నారు. ఒకటి నీకు, ఒకటి ఆ పిల్లకి. తాగీసి ఆడుకోండమ్మా,” అన్నాడు నాన్న.

ఆ మ్యాచ్ ఓడిపోయాను. బొండాలు మాత్రం ఆట అయ్యాక ఇద్దరం తాగాం.

ఇప్పుడు నాన్నకి డయాలసిస్. కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నారు డాక్టర్లు. అయినా విశాఖలో నా మ్యాచ్ ఉంటే బొండాలతోనే వస్తాడు. నేను తాగుతుంటే, తన దాహం తీరినట్టు చూస్తుంటాడు.