పరదా బస్సుకు పింఛను

రెండో ప్రపంచ లడాయి రోజులల్ల నేను చార్మినార్ దిక్కున్న ఒక బస్సు డిపోల పనిచేసిన. ఏ బస్సు ఎప్పుడు మరమ్మతుకు పోవాలె, ఏది తుక్కు కావాలె, దాని జాగల ఏది రావాలె అని ముందుగాల ఆలోచించి పెట్టుడు నా కొలువు. గీతలు నావి, రాతలు బస్సులవి. నేను గీసిన గీత మీద ఒక్క బస్సు నడిచినట్టు నాకు యాదికి లేదు.

ఆ ఏడు వానలు పడకముందే చాంద్రాయణగుట్ట దారిల తిరిగే ముసలి బస్సుకు పింఛనిచ్చి దించాలని రాసిన. బ్రేకులు అరిగినయి, బస్సును మోసే కమాన్ పట్టీలు కుంగినయి. వాలు దిగేటప్పుడు డ్రైవరు ఒక చేత్తో స్టీరింగును, ఇంకో చేత్తో దేవుణ్ణి పట్టుకునేటోడు. బదులుగా షెడ్డుల కొత్త బస్సు తయారుగ ఉండె. లడాయికి ముందు సీమ నుంచి వచ్చి ఓడ దిగిన ఆఖరిది; ఆ తర్వాత బస్సు గాదు, బోల్టు గూడ రాలేదు. మా డిపో అఫ్సర్ సాబ్ నా ప్లానును మెచ్చుకున్నడు. నన్ను ఎవరన్న మెచ్చుకున్నరంటే అందుల ఏదో తప్పున్నట్టే.

ఆ తప్పును మా ఎదురింటి అక్క, మేం ఆపా అని పిలిచేటామె, పట్టింది. ఆమె గుట్ట దిక్కు ఆడపిల్లల బడిల పంతులమ్మ. పాత బస్సు వెనకాల జనానా అర ఉండె: అడ్డంగ చెక్క గోడ, పరదా, ఆడవాళ్లు ఎక్కెతందుకు విడిగ తలుపు. కొత్తదాంట్ల అవేవీ లేవు.

"భాయ్‌సాబ్, పరదా ఉన్న బస్సని చెప్పి మా మామను ఒప్పించిన," అన్నది తలుపు చాటు నుంచి. "అది ఆగితే నా నౌకరీ ఆగుతది. మీ కాయిదంల నేను కనవడలేదా?"

"కాయిదంల బస్సులే కనవడతయి ఆపా."

"బస్సులల్ల మనుషులు కూసుంటరని మీకు ఎవరన్న చెప్తే బాగుండు."

మర్నాడు పొద్దున్నే వర్క్‌షాపు ఉస్తాద్ దగ్గరికి పోయిన. ఆ గోడ ఇప్పి కొత్తదానికి బిగించమన్న.

"పనికేంది, చాయ్ సల్లారేలోపు చేస్త. మంజూరు తేండ్రి," అన్నడు.

మంజూరుకు రాసిన. గోడ వడ్రంగి ఖాతా అన్నరు, పరదా దర్జీ ఖాతా అన్నరు, తలుపు ఎవరి ఖాతనో తేలలేదు. అది తేలేదాక కొత్త బస్సు మీద చెయ్యి వెయ్యొద్దని హుకుం. మంజూరు మా ఊరు రాలేదు గని మృగశిర మాత్రం వచ్చేసింది. ముసలి బస్సును దించాల్సిన రోజు రేపో మాపో అన్నట్టుండె.

నా మొకం చూసి ఉస్తాద్‌కు జాలి కలిగింది.

"ఎందుకు ఫికర్ జేస్తరు మున్షీ సాబ్? పైన బాడీకి మేకు కొట్టాలంటే సర్కారు పర్వానా గావాలె. కింద ఇంజను మార్చినా వంగి చూసేటోడు లేడు. ఎన్కట నుంచి గిట్లనే నడుస్తున్నది."

"అంటే?"

"అంటే ఏంది. కొత్తదాని బ్రేకులు, కమాన్లు తీసి పాతదానికి. రెండూ ఒక్క కంపెనీ పిల్లలే గద."

ఒక బస్సు కడుపు కొట్టి ఇంకోదాని కడుపు నింపే ఈ పద్ధతి బందు కావాలని ఏండ్ల సంది పైకి మొరపెట్టుకున్నది నేనే. గోడ మీది బల్లి గూడ నవ్వుతున్నట్టు అనిపించింది.

"టైర్లు గూడ ఎయ్యి," అన్న.

వానలల్ల ముసలి బస్సు పెండ్లికొడుకు లెక్క వాలు దిగింది. ఆపా ఒక్కనాడు బడి మానలేదు. కొత్త బస్సు ఇటుకల మీద నిలవడి తళతళ మెరిసింది. అఫ్సర్ సాబ్ వచ్చి దాని చుట్టు తిరిగిండు.

"గింత మంచి బస్సు ఎందుకు నడుస్తలేదు?"

"మంజూరు కోసం ఎదురుచూస్తున్నది సర్కార్."

ఆయన తల ఊపి, దుమ్ము పట్టకుండ దినాం కడగమన్నడు. అదొక్కటే ప్లాను ప్రకారం జరిగిన పని.

వానలు తగ్గుముఖం పట్టినంక ఆపా మళ్ల పిలిచింది.

"మీ బస్సు మస్తు మెత్తగ పోతున్నది భాయ్‌సాబ్. అది చూసి మా గల్లీల ఇంకో ఇద్దరిని గూడ బడి కొలువుకు పంపుతమంటున్నరు. జనానా అర సాలదు. పరదా ఉన్నది ఇంకో బస్సు ఎప్పుడు పెడతరు?"

చినుకు లేకున్నా గొడుగు ఇప్పి, పరదా లెక్క మొకానికి అడ్డం పెట్టుకొని డిపో దారి పట్టిన.