చెంగయ్యకు చేసిన బొమ్మలు

మైపాడు ఒడ్డున పదిహేడేళ్లు చేపల వేలం నడిపిన గొంతు చెంగయ్యది. బేరగాళ్లు ఎంత గోల చేసినా ఆ గొంతు ముందు తగ్గాల్సిందే. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. చెయ్యి కొంత తిరిగొచ్చింది. మాట రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది. తను పలకబోతే మాత్రం 'తా, తా' అన్న శబ్దం తప్ప ఏమీ రాదు.

భార్య రోజారమణి ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని ఓణీల ఫంక్షన్ కార్డులు, గోడకంటించే అలంకారాలు డిజైన్ చేసేది. అందుకే నెల్లూరులో మాట నేర్పే డాక్టరమ్మ వేలితో చూపించి అడిగేందుకు బొమ్మల కార్డులు చేసుకోమన్నప్పుడు, ఇదెంత పని అనుకుంది.

ఆమె వాడే సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరికే క్లిప్ ఆర్ట్ బొమ్మలు వేలల్లో ఉన్నాయి. అన్నమని వెతికితే చిన్న గిన్నె, అందులో గుచ్చిన రెండు పుల్లలు. స్నానమంటే నురగ నిండిన తొట్టి. చెంగయ్య వాటిని చూసి ఎడమచేత్తో పక్కకు నెట్టేశాడు. ఇంకొక సాఫ్ట్‌వేర్ దించుకుంది. ప్రతి బొమ్మ మీదా కంపెనీ పేరు అడ్డంగా పడింది. మరొకటి నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది; వాళ్ల వీధిలో గాలి గట్టిగా వీస్తే నెట్ పోతుంది. చివరికి ఒక పాతదాన్ని ఎంచుకుంది. దాంట్లో బొమ్మలు తక్కువే గానీ, మన ఫోటో ఇస్తే గీతల బొమ్మగా మార్చి దాచుకోనిస్తుంది.

వారం రోజులు ఇంట్లో కనబడ్డవన్నీ ఫోటోలు తీసింది. స్టీలు చెంబు, నులకమంచం, సంగటి పళ్లెం, చివరకు వాళ్ల ఇల్లు. కార్డులు పరిచిన మొదటిరోజే చెంగయ్య చెంబు మీద వేలు పెట్టాడు. నీళ్లు తెచ్చిచ్చి, వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చింది.

ఆ సంబరంలో చేపల కార్డులూ చేసింది. వంజరం, పండుగప్ప, మాగ, కానాగంతలు. చెంగయ్య వాటిని మంచం మీద వేలానికి పెట్టే వరసలో పేర్చాడు. పెదాలు కదిలాయి. అది మంచికేననుకుని రోజారమణి మర్నాడు పొద్దున్నే ఆటోలో అతన్ని ఒడ్డుకు తీసుకుపోయింది.

చెంగయ్య దగ్గర పని నేర్చుకున్న వినోద్ ఇప్పుడు వేలం నడుపుతున్నాడు. ఎదురొచ్చి పెట్టె మీద కూర్చోబెట్టాడు.

"వేలంపాట ఎత్తుకునేదా మామా?" అని అనుమతి అడిగాడు.

చెంగయ్య నోరు తెరిచాడు. 'తా' అని వచ్చింది. మళ్లీ అదే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఇసుకలోకి చూశారు. అతను భార్య చేతిలోని కార్డులు లాక్కుని, ఇంటి బొమ్మ చూపించాడు.

ఆ తర్వాత చేపల కార్డులు ముట్టలేదు. చెంబు, మంచం, ఇల్లు. ఆ మూడే వాడేవాడు. నెల్లూరు పోదామంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నెల గడిచాక ఆమె అడగడం మానేసింది.

చలికాలంలో కార్డుల సంగతి విని వెంకటాచలం నుంచి స్వర్ణ అనే ఆమె వచ్చింది. వాళ్ల అన్నకూ ఇలాగే మాట పోయిందట. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో రోజారమణి చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

"మా అన్న ఇరవై ఏళ్లు లారీ నడిపినాడక్కా. లారీ బొమ్మ కూడా చేద్దామా?"

రోజారమణి చెయ్యి మౌస్ మీద ఆగింది.

"అది ఇప్పుడొద్దమ్మా. ముందు ఆకలి, దాహం చెప్పుకోనీ."

వసారాలో కూర్చున్న చెంగయ్యకు ఆ మాట వినబడింది.