కత్తెర పడని ద్రాక్ష తీగ

"ఆకు మాత్రం గొప్పగా వేసింది బాబూ. మేకల మందకి సరిపోయినంత ఆకు. కాయ ఒక్కటీ నేదు" అంటూ అప్పలసూరి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఏడాదిన్నర కిందటి సంగతి నిన్నటిదన్నట్టు చెబుతున్నాడు.

రాజాం పక్క మెట్టరైతు అతను. చోళ్ళు, వేరుసెనగ తప్ప మరో పంట ఎరగడు. బెంగుళూరు తోటల్లో పదేళ్ళు పనిచేసి వచ్చిన అతని మేనమామ కొడుకు నరసింగరావు, అరవయ్యారులో నాలుగు నల్లద్రాక్ష కొమ్మ ముక్కలు తెచ్చి ఈ పెరట్లో నాటాడు. ఎర్ర వైను తీసే రకమట. సారా కేసవుతుందిరా అని ఊళ్ళోవాళ్ళు సూరిని ఆటపట్టించారు.

బావ మరీమరీ చెప్పింది ఒక్కటే. రెండో ఏడు వానలు తగ్గాక, కార్తీకంలో, కొమ్మకి రెండు మూడు కణుపులుంచి తక్కిన తీగంతా కత్తిరించాలి. కోస్తేనే కొత్త చిగురు, ఆ చిగురులోనే పూత.

ఆ కార్తీకానికి సూరి భార్య జగ్గమ్మకి మూడో నెల. అంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. భార్య కడుపుతో ఉండగా మొగుడు పచ్చని చెట్టుమీద కత్తి పెట్టకూడదని వాళ్ళ పట్టింపు. ఈసారి ఎవరికీ చెప్పొద్దని జగ్గమ్మ ఒట్టు కూడా వేయించుకుంది. కత్తెర పట్టలేడు, ఎందుకు పట్టలేదో చెప్పలేడు. తీగ కోసేశానని, బెంగుళూరు తిరిగెళ్ళిన బావకి కార్డు రాయించాడు.

మాఘంలో నరసింగరావు ఇద్దరు రాజాం రైతుల్ని వెంటబెట్టుకొచ్చాడు. కాయ కళ్ళబడితే చెరో అరెకరం వేస్తామన్నారు వాళ్ళు. ఆ తోటలు చూసుకుంటూ సొంతూళ్ళో ఉండిపోవాలని అతని ఆశ. రైతులు పందిరి కేసి తలెత్తి చూసి, ఆనపపాదు బాగుందయ్యా అని నవ్వుకుంటూ బస్సెక్కారు.

నరసింగరావు ఒక తీగని మొదలు నుంచి కొసదాకా వేళ్ళతో తడిమాడు. ఎక్కడా కోత లేదు. అప్పుడే మంచినీళ్ళు తెచ్చిన జగ్గమ్మకి ఆరో నెల. అతనికి సంగతి తెలిసిపోయింది.

"కడుపుతో ఉన్నాది నీ పెళ్ళాంరా, నా పెళ్ళాం కాదు. ఒక్క ముక్క రాస్తే నేనొచ్చి కోసీవోణ్ణి గదేటి?" అన్నాడట.

నీళ్ళు తాగి వెళ్ళినవాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. విజయనగరంలో ఎవరిదో పూలతోటలో కూలికి కుదిరాడు.

"ఇంకోడి సేత కోయించొచ్చని నాకు తట్టనేనేదు బాబూ. ఆ అబద్ధం మాత్రం ఎలా తట్టిందో."

పిల్ల దక్కింది. మరుసటేడు కార్తీకంలో సూరే కోశాడు. నాలుగు గుత్తులు కాశాయి, కాస్త పులుపు. బుట్టలో పెట్టి పంపితే నరసింగరావు మూత తీయకుండానే తిప్పి పంపాడు.

మర్నాడు నాకు విజయనగరంలో పనుంది. ఆ మాట విని సూరి పందిరి గుంజ వదిలి నా దగ్గరకొచ్చాడు.

"ఆడికి నా మాటగా సెప్పండి. కార్డులో రాయించింది అబద్ధమని ఒప్పుకున్నానని సెప్పండి. ఈ కార్తీకం నేను కత్తెర ముట్టను. ఆడొచ్చి కోస్తేనే కోత. రానంటే ఊరుకోకండి బాబూ, సెయ్యట్టుకుని తీసుకురండి."